నాలుగో బెడ్డు చూస్కో

కథ నిన్న మధ్యాహ్నం మొదలైంది. అక్కణ్నుంచే అందుకుందాం.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక నర్సింగ్‌హోమ్. మూడో అంతస్తులో ఆపరేషన్ అయినవాళ్ల వార్డు. పదహారు మంచాలు, పూటకు ఇద్దరు నర్సులు, చెరి సగం. మధ్యాహ్నం డ్యూటీ యేసుమణిది, లోయిస్‌ది. లోయిస్ సిగరెట్ తాగుతుంది. డ్యూటీలో ఏడెనిమిదిసార్లు మేడమీదికి పోతుంది. పోయిన ప్రతిసారీ ఆమె మంచాలు యేసుమణి మీద పడతాయి. బుధవారం కూడా అలాగే పోయింది. నాలుగో బెడ్డులో రాజనర్సయ్య ఉన్నాడు. సనత్‌నగర్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ముందురోజే ప్రోస్టేట్ ఆపరేషనైంది. అలాంటి పేషెంటుకు మూత్రాశయంలోకి సెలైన్ నీళ్లు ఆగకుండా పోతూ ఉండాలి. పోయినంతసేపే లోపలి రక్తం పలచబడి గొట్టంలో బయటికి వస్తుంది. నీళ్లు ఆగితే రక్తం గడ్డకట్టి గొట్టానికి అడ్డం పడుతుంది.

నిన్న బాటిల్ ఖాళీ అయింది, ఎవరూ మార్చలేదు. రాజనర్సయ్య పొట్ట బిగుసుకుపోయింది. ఆయన అరుపు కింద ఓపీలో కూర్చున్నవాళ్లకు వినపడింది. సాయంత్రం మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయారు. గడ్డలు కడిగి, రెండు సీసాల రక్తం ఎక్కించారు. ప్రాణం దక్కింది.

ఇవాళ గురువారం. డ్యూటీ ఎక్కకముందే మేట్రన్ జానకీదేవి యేసుమణికి కబురు పెట్టింది.

"కూర్చో," అంది జానకీదేవి.

ఆరేళ్లలో ఆ గదిలో యేసుమణిని కూర్చోమనడం అదే మొదలు. కూర్చుంది. బల్ల మీద ఖాకీరంగు కవరు ఉంది. కవరు మీద తన పేరు ఉంది. లోపల ఏముందో తెరవకుండానే తెలుసు. టెన్త్ మెమో, నర్సింగ్ డిప్లొమా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్. చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టడం ఆ నర్సింగ్‌హోమ్‌లో పద్ధతి. పోయేటప్పుడు ఇస్తారు. ఇవ్వాలనిపిస్తే.

"సోమవారమేనా కోఠీలో గవర్నమెంటు ఉద్యోగానికి వెరిఫికేషన్?"

"అవును మేడం."

"ఒరిజినల్స్ చూపించకపోతే ఏం చేస్తారు?"

"పేరు కొట్టేస్తరు."

"మళ్లీ నోటిఫికేషన్ పడితే రాసుకోవచ్చుగా?"

"ఈ సంవత్సరంతో నా వయసు దాటిపోతది మేడం."

జానకీదేవికి ఆ సంగతి తెలుసు. ఏలూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో నర్సులను నడుపుతున్న మనిషి. ఎవరికి ఏ అవసరం ఎప్పుడు ముంచుకొస్తుందో ఆమెకు తెలియకుండా ఉండదు. ఒకసారి తెలుసుకున్నాక దాన్ని ఎదుటివాళ్ల నోటితో చెప్పిస్తుంది.

"చూడమ్మా. నిన్ను ఏమీ కల్పించి చెప్పమనడం లేదు. జరిగింది చెప్పు చాలు. లోయిస్ సిగరెట్ తాగడానికి పైకి వెళ్లింది. ఎంతకీ రాలేదు. తన బెడ్డు తను చూసుకోలేదు. నాలుగింటికి పేషెంటు కొడుకు వస్తాడు, డాక్టరు సారు గదిలో కూర్చుంటాం. నువ్వు ఆ మూడు ముక్కలు చెప్పు. ఈ కవరు అక్కడే నీ చేతిలో పెడతాను."

"లోయిస్ అక్కను తీసేస్తరా?"

"ఎన్నిసార్లు వచ్చావు నువ్వు నా దగ్గరికి? ఆవిడ పైకి వెళ్తోంది, రెండు వైపులా నేనే పరిగెత్తుతున్నాను, పేషెంట్లకు ఏమన్నా అయితే ఎట్లా అని."

"రెండుసార్లు మేడం."

"మరి?"

మొదటిసారి వచ్చినప్పుడు జానకీదేవి 'సర్దుకుపోండి' అంది. రెండోసారి 'మీరూ మీరూ మాట్లాడుకోండి, ఇంతదానికి నా దాకా రావాలా' అంది. ఆ సంగతి ఇప్పుడు ఇద్దరూ ఎత్తలేదు.

"వాళ్లు అడిగితే ఒకటి అడుగుతారు," అంది జానకీదేవి. "ఆ బాటిల్ అయిపోతోందని నువ్వు చూశావా అని."

"చూడలేదు మేడం."

"అంతే. అంతకంటే ఏముంది."

చూసింది.

ఆ వార్డులో ఒక ఒప్పందం ఉంది. ఎక్కడా రాసి ఉండదు, కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పరు, వారంలో వాళ్లకే తెలిసిపోతుంది. బయటికి పోయే నర్సు 'ఫలానా బెడ్డు చూస్కో' అంటుంది. ఉన్న నర్సు 'ఊ' అంటుంది. ఆ ఊ పడిందంటే, పోయినామె తిరిగొచ్చి 'వచ్చిన' అనేదాకా ఆ మంచం ఉన్నామెది. మంచి జరిగినా చెడు జరిగినా ఆమెదే. అన్నం తినడానికి పోయినా, బాత్రూముకు పోయినా, సిగరెట్‌కు పోయినా మాట ఒకటే.

నిన్న లోయిస్ మెట్ల దగ్గర నిలబడి, "నాలుగో బెడ్డు చూస్కో," అంది. యేసుమణి, "ఊ," అంది.

తర్వాత పన్నెండో బెడ్డుకు మందు ఇచ్చి వస్తూ నాలుగో బెడ్డు ముందునుంచి నడిచింది. పైకి చూసింది. బాటిల్‌లో రెండు వేళ్ల ఎత్తు నీళ్లున్నాయి. పక్కన స్టూలు మీద నిండు బాటిల్ పెట్టే ఉంది. మార్చడం అరనిమిషం పని. ఆమె మెట్ల వైపు చూసింది. లోయిస్ రాలేదు. ఈసారి ఖాళీ కానీ అనుకుంది. వచ్చి తనే చూసుకోనీ. ఒక్కసారి చూస్తే తెలుస్తుంది.

బాటిల్ కాసేపు ఖాళీగా ఉంటే ఏమీ కాదని ఆమె లెక్క. అంతకుముందు అలా అయింది, ఏమీ కాలేదు. వార్డు చివరికి పోయి, బల్ల ముందు కూర్చుని, కట్లకు వాడే గాజ్ గుడ్డ ముక్కలు మడిచి డ్రమ్ములో పేర్చింది. ఆ పని సాయంత్రం చేసినా జరిగేదే.

కోపంతో చేసిందా అంటే, కాదు. కోపం పోయిన సంవత్సరమే అయిపోయింది. ఆ తర్వాత ఏం మిగిలిందో దానికి ఆమె దగ్గర పేరు లేదు. మధురానగర్‌లో ఇంటికి పోతుంది, వండుతుంది, భర్త ఏసుబాబు ఏదో అడిగితే జవాబు చెప్తుంది, పొద్దున ఏమడిగాడో సాయంత్రానికి గుర్తుండదు. నిన్న అరుపు విన్నప్పుడు కూడా పరిగెత్తింది, డాక్టరును పిలిచింది, సిరంజి అందించింది. చేతులు చేయాల్సిందంతా చేశాయి. లోపల మాత్రం ఏమీ కదలలేదు.

*

వార్డుకు వచ్చేసరికి నాలుగో బెడ్డు తనకే రాసి ఉంది. లోయిస్ పేరు డ్యూటీలో లేదు. ఆమె మిగతా మంచాలకు కింది అంతస్తు నుంచి కొత్తమ్మాయిని పంపారు.

రాజనర్సయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడుకు తెరిచి, దుప్పటి గుండెల దాకా లాక్కున్నాడు. ఆడవాళ్లు ఎవరు వచ్చినా అదే చేస్తాడు. ఆపరేషన్ ఎక్కడ చేశారో చెప్పాల్సి వస్తే మొహం గోడవైపు తిప్పుకునే మనిషి.

ఆమె బాటిల్ మార్చింది. గొట్టంలో వచ్చే రంగు చూసింది. నాడి పట్టుకుంది.

"బిడ్డా."

"చెప్పు బాపూ."

"నిన్న మస్తు లొల్లి చేసిన్నా?"

"లేదు."

"చేసిన, నాకెరికే. ఆడోళ్ల ముంగట గట్ల అరిస్తి. ఇజ్జత్ పోయింది. నా కోడలు సుత కిందనే ఉండెనట."

"నొప్పి లేస్తే అందరు అరుస్తరు బాపూ. మొన్న రెండో బెడ్డుల లాయర్ సాబ్ ఇంజక్షన్ చూసే అరిసిండు."

రాజనర్సయ్య నవ్వబోయి, నొప్పి గుర్తొచ్చి ఆగాడు. తలాపున వైరుకు వేలాడుతున్న గంట మీట వైపు చూపించాడు.

"గిది ఇచ్చిండ్రు గద, నొక్కనీకి. నొక్కుదామనే అనుకున్న. నీళ్లు అయిపోతున్నయని నాకు సుత కనవడ్డది. గంతల నువ్వొచ్చినవ్. పైకి చూసినవ్. పోయినవ్. సిస్టరే చూసి పోయిందంటె గట్లనే ఉండాలె గావచ్చు, అనుకున్న. ఇంక నొక్కలె."

యేసుమణి చేతిలో ఆయన చెయ్యి ఉంది. నాడి లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఎవరికన్నా చెప్పినవా బాపూ?"

"ఏం చెప్పాలె?"

"నేను చూసి పోయిన అని."

"గదేమన్న చెప్పే ముచ్చటనా?" అన్నాడు ఆయన. "సర్కారు దవాఖానల అయితే చూసేటోళ్లు సుత ఉండరు. మా పెద్దోడు శ్రీశైలం ఊకె గరమైతుండు గని, నాకేం ఫికర్ లేదు. మీరున్నరు గదా."

కళ్లు మూసుకున్నాడు. ఆమె దుప్పటి సర్దింది. సర్దేదేమీ లేదు, ఆయనే సర్దుకున్నాడు. అయినా సర్దింది.

ఆమె చూసి పోకపోయి ఉంటే ఆయన గంట నొక్కేవాడు. గంట మోగితే ఎవరో ఒకరు వచ్చేవారు. తనే వచ్చేది. చూడకుండా పోయినా సరిపోయేది. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతికింది, దొరకలేదు. కళ్లలో నీళ్లు వస్తాయేమోనని కాసేపు ఆగింది. రాలేదు. పన్నెండో బెడ్డుకు పోయింది.

మధ్యాహ్నం మూడున్నరకు ఆయా రుఖియా ట్రాలీ తోసుకుంటూ వచ్చింది.

"లోయిస్ మేడం యాడున్నరు?" అని అడిగింది యేసుమణి.

"ఇంకెక్కడ? పైన. వచ్చినకాన్నుంచి పైనే. డ్యూటీ లేదన్నరు గద, ఇంగ ఒక్క పని మీదనే ఉన్నరు." రుఖియా ట్రాలీ ఆపింది. "పాపం గానీ మేడం, జర పోయి చూడుండ్రి. నేను చాయ్ ఇస్తె తాగలే. లోయిస్ మేడం చాయ్ వద్దన్నరంటె మామూలు ముచ్చట కాదు."

యేసుమణి కొత్తమ్మాయి వైపు చూసింది. "నాలుగో బెడ్డు చూస్కో," అంది. కొత్తమ్మాయి తల ఊపింది. "నోటితో చెప్పు," అంది యేసుమణి. "ఊ, సిస్టర్," అంది ఆ అమ్మాయి.

*

మేడమీద నీళ్ల ట్యాంకు నీడలో లోయిస్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. మామూలుగా పైకి వచ్చేటప్పుడు థియేటర్‌లో వాడే ఆకుపచ్చ గౌను తొడుక్కుంటుంది, పొగ బట్టలకు పట్టకుండా. దిగేముందు రెండు లవంగాలు నములుతుంది. ఇవాళ గౌను లేదు. మామూలు చీరలో ఉంది. దాచుకునేది ఏముంది ఇంక.

పక్క బిల్డింగులో జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆ మేడమీద కూడా పదిమంది కుర్రాళ్లు సిగరెట్లు కాలుస్తున్నారు. క్లాసుకూ క్లాసుకూ మధ్య ఒక గుంపు దిగుతుంది, ఒక గుంపు ఎక్కుతుంది. వాళ్లను ఎవరూ ఏమీ అనరు. మొదట్లో లోయిస్‌ను చూసి ఈలలు వేశారు. తర్వాత అలవాటైంది. ఒకడు పిట్టగోడ మీదికి వంగి, "ఆంటీ, అగ్గిపెట్టె ఉందా?" అన్నాడు. లోయిస్ విసిరింది. వాడు పట్టుకున్నాడు.

"ఉజ్జోగమొచ్చినంక కొత్తది కొనియ్యాలె," అంది లోయిస్.

"డబ్బా మొత్తం కొనిస్తా ఆంటీ."

"గీ మాట చెప్పినోళ్లు యాభైమంది పోయిండ్రు." యేసుమణి వైపు తిరిగింది. "వచ్చినవా మణీ. కూసో."

యేసుమణి కూర్చోలేదు. "నాలుగింటికి సారు గదిల."

"తెల్సు. నీ కవర్ ముచ్చట సుత రుఖియా చెప్పింది."

"నేను నీతోని ఎన్నిసార్లు చెప్పిన అక్కా. తక్కువ చెయ్యి, తక్కువ చెయ్యి అని."

"చెప్పినవ్. నేను ఇన్న. మూడు దినాలు మానేసిన, యాదికుందా? నాలుగోనాడు సూది నరంల పడ్తలేదని పేషెంటు తిట్టబట్టె. నువ్వే అన్నవ్, అక్కా నీ చేతులు వణుకుతున్నయ్, పోయి ఒకటి తాగి రా, నేను చూస్కుంట అని."

అది నిజం. యేసుమణి మరచిపోలేదు. కానీ తన లెక్కలో దాన్ని ఎప్పుడూ వేసుకోలేదు.

"ట్రైనింగుల కాలినోళ్ల వార్డుల ఏసిండ్రు నన్ను," అంది లోయిస్. "పద్దెనిమిదేండ్ల పిల్లను. ఆ వాసనకు అన్నం పోకపోయేది. ఆడ ఆయమ్మ ఒక బీడీ ముట్టించి ఇచ్చింది, ముక్కుల వాసన పోతది బిడ్డా అని. వాసన పోయింది. ఇది పోలె." బూడిద రాల్చింది. "గిదంత నిన్ను మెత్తవరచనీకి చెప్తలేను. నిన్న పోయింది నేనే. ఒకటి అయిపోయినంక ఇంకోటి ముట్టించిన. దిగుదామనుకుంటనే ముట్టించిన. గది ఒప్పుకుంట."

"ఊ."

"ఒక్క మాట అడుగుత."

యేసుమణి ట్యాంకు మీద రాసిన లీటర్ల అంకె చదివింది.

"నువ్వు చూసినవ్ గదా."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? నువ్వు వార్డుల నడిచేటప్పుడు కింద చూడవు. బాటిళ్లు చూస్కుంట నడుస్తవ్. నేర్పింది నేనే. మొన్న చర్చిల సుత పైన ఫ్యాన్లు చూస్కుంట నడిచి పాస్టరమ్మ కాలు తొక్కినవ్. నాలుగో బెడ్డు ముందలికెళ్లి పోయి, చూడలేదంటె నేను నమ్మ."

పక్క మేడమీద గంట మోగింది. కుర్రాళ్లు సిగరెట్ పీకలు తొక్కి లోపలికి పోయారు.

"చూసిన," అంది యేసుమణి.

"ఎంతుండె?"

"రెండు వేళ్లు."

"నిండు బాటిల్?"

"స్టూలు మీదుండె."

"ఊ అన్నవ్ నాతోని."

"అన్న."

"మరి?"

"నీ బెడ్డు," అంది యేసుమణి.

లోయిస్ చేతిలో సిగరెట్ వేళ్ల దాకా కాలింది. చూసుకుని కింద పడేసింది. కొత్తది తీయలేదు.

"నేను పొగకు పోయిన," అంది. "నువ్వు యాడికి పోయినవ్?"

"గాజ్ ముక్కలు మడవనీకి."

"మంచిది."

ఆ మాటలో వెటకారం లేదు. వెటకారం ఉంటే యేసుమణికి కొంత తేలికయ్యేది. లోయిస్ లేచి బకెట్ తిరగేసి గోడకు ఆనించింది.

"నాలుగింటికి నేనే చెప్త. నాదే తప్పని చెప్త. నువ్వు నీ కవర్ తీస్కొని పో. సర్కారు ఉజ్జోగం, ఊకె రాదు."

"నీ సర్టిఫికెట్లు ఇయ్యరు అక్కా."

"ఇయ్యకపోతే పాయె. ఆ మేట్రనమ్మను వాటిల బజ్జీలు కట్టుకోమను."

"నేను ఊ అన్న ముచ్చట?"

"ఆడ ఎవరున్నరు ఇననీకి? నువ్వూ నేను." లోయిస్ మెట్ల తలుపు తీసింది. "నేను చెప్ప. నువ్వు చెప్పకు."

*

డాక్టర్ రామ్మోహనరావు గదిలో ఏసీ ఉంది. బల్లకు ఒకవైపు డాక్టరు, ఆయన పక్కన జానకీదేవి. ఇటువైపు లోయిస్, యేసుమణి. మధ్యలో శ్రీశైలం. రాజనర్సయ్య పెద్దకొడుకు. అమీర్‌పేటలో జిరాక్స్ షాపు. పొద్దుననుంచి రాత్రిదాకా ఉద్యోగాలు వెతికే పిల్లల బయోడేటాలు కాపీలు తీస్తాడు. వేళ్ల చివర ఇంకు నలుపు ఉంది. గట్టిగా మాట్లాడతాడని అందరూ సిద్ధపడి ఉన్నారు. ఆయన గట్టిగా మాట్లాడలేదు.

"స్టేషన్‌ల కంప్లయింట్ ఇద్దామనే బయలెల్లిన సార్," అన్నాడు. "మా నాయిన వద్దన్నడు. ముందుగాల ఏమైందో తెల్సుకుందామని వచ్చిన."

"తప్పకుండా. అది మీ హక్కు," అన్నాడు డాక్టరు. "మా వైపు నుంచి దాచేదేమీ లేదు. ఒక స్టాఫ్ నర్సు డ్యూటీ వదిలి వెళ్లారు. ఆవిడ మీద చర్య తీసుకుంటున్నాం. సిస్టర్, మీరు చెప్పండి."

లోయిస్ చెప్పింది. మేడమీద చెప్పినట్టే చెప్పింది. సిగరెట్ అనే మాట దగ్గర శ్రీశైలం తలెత్తి ఆమెను చూశాడు, అంతే.

"మీరు పైన ఉన్నప్పుడు మా నాయినను ఎవరు చూడాలె?" అని అడిగాడు.

"నేనే చూడాలె. నా బెడ్డు," అంది లోయిస్.

"ఇంకెవరు లేరా వార్డుల?"

జానకీదేవి అందుకుంది. "ఈవిడ ఉంది, యేసుమణి. తన ఎనిమిది మంది పేషెంట్లను తను చూసుకుంటోంది. మీ నాన్నగారి అరుపు విని పరిగెత్తుకొచ్చింది ఈవిడే. చెప్పమ్మా." కవరును రెండు వేళ్లతో బల్ల మీద యేసుమణి ముందుకు తోసింది.

యేసుమణి కవరు మీద చెయ్యి పెట్టింది. చెప్పాల్సినవి మూడు ముక్కలు. లోయిస్ పైకి వెళ్లింది. ఎంతకీ రాలేదు. తన బెడ్డు తను చూసుకోలేదు. అందులో అబద్ధం 'తన బెడ్డు' అన్నదొక్కటే, అదీ పైకి కనపడదు. సోమవారం కోఠీలో ఈ కవరు తెరుస్తుంది. ఎవరో గుమాస్తా పేరు పిలుస్తాడు.

నోరు తెరిచింది. ఆరేళ్లుగా డ్యూటీ మారేటప్పుడు రోజూ చెప్పే మాటలు, చెప్పే వరసలోనే బయటికి వచ్చాయి.

"నాలుగో బెడ్డు. రాజనర్సయ్య. అరవై రెండేళ్లు. ప్రోస్టేట్ ఆపరేషనై రెండో రోజు. నిన్న మధ్యాహ్నం లోయిస్ సిస్టర్ పైకి పోతూ నాకు అప్పజెప్పింది. నేను ఊ అన్న. బాటిల్‌ల రెండు వేళ్ల నీళ్లున్నయ్. చూసిన. పక్కన నిండు బాటిల్ ఉంది. మార్చలేదు. పోయి గాజ్ ముక్కలు మడిచిన. నేను చూసి పోయింది పేషెంటు చూసిండు. సిస్టర్ చూసింది కదా అని గంట నొక్కలేదు." ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు నాడి తొంభై. జ్వరం లేదు. గొట్టంల గులాబి రంగు వస్తుంది. గడ్డలు లేవు."

వార్డులో ఈ మాటల తర్వాత అవతలి నర్సు 'సరే' అంటుంది. ఇక్కడ ఎవరూ అనలేదు.

లోయిస్ తల వంచుకుని అరచేతులు చూసుకుంటోంది. జానకీదేవి చెయ్యి వచ్చి కవరు మీద పడింది. యేసుమణి వేళ్ల కిందనుంచి కవరు బల్ల అవతలికి పోయింది. యేసుమణి దాన్ని పట్టుకోలేదు.

డాక్టర్ రామ్మోహనరావు లేచి, సగం తెరిచి ఉన్న తలుపు మూసి వచ్చాడు.

"శ్రీశైలం గారూ, ఈవిడ నిన్నటినుంచి నిద్ర లేకుండా ఉంది. చాలా డిస్టర్బ్ అయి ఉంది. ఈ మాటలు మీరు పట్టించుకోవద్దు. ఇందాక చెప్పాను కదా, ఆ సిస్టర్ మీద చర్య..."

"నేను విన్న సార్," అన్నాడు శ్రీశైలం.

కుర్చీని డాక్టరు వైపునుంచి యేసుమణి వైపు తిప్పుకున్నాడు. కుర్చీ కాళ్లు గచ్చు మీద చప్పుడు చేశాయి. ఆమెను తిడతాడని లోయిస్ అనుకుంది. కొడతాడని జానకీదేవి అనుకుంది.

"నువ్వు చెడ్డదానివైతే గిదంత చెప్పకపోదువు," అన్నాడు. "చెప్పకుంటె నాకెట్ల తెలుస్తుండె? గందుకే అడుగుతున్న. నిండు బాటిల్ పక్కన ఉంది. మనిషి ముందట ఉన్నడు. ఎందుకు మార్చలె? ఒక్కదానివే చేసిన తప్పయితె స్టేషన్‌ల నీ ఒక్క పేరే చెప్త. ఇంకేమన్న ఉంటె గది సుత చెప్పు. ఎన్ని పేర్లుంటె అన్ని చెప్త."

ఎందుకు. మేడమీద లోయిస్‌కు రెండు మాటల్లో చెప్పింది. ఆ రెండు మాటలు ఇక్కడ సరిపోవు. ఎందుకు అన్నదానికి జవాబు నిన్నటి బాటిల్ దగ్గర మొదలు కాదు. పదహారు మంచాలకు ఇద్దరు నర్సుల దగ్గర మొదలవుతుంది. మేట్రన్ గదికి పోయి నిలబడి చెప్పుకున్న రెండుసార్ల మీదుగా నడుస్తుంది. 'సర్దుకుపోండి' అన్న దగ్గర ఒకసారి ఆగుతుంది, 'మీరూ మీరూ మాట్లాడుకోండి' అన్న దగ్గర ఇంకోసారి.

ఆ దారి గదిలో ఇంకొకరికి కూడా తెలుసు.

"చెప్పు సిస్టర్," అన్నాడు శ్రీశైలం.

జానకీదేవి శ్రీశైలం వైపు చూడటం లేదు. డాక్టరు వైపూ చూడటం లేదు. ఆమె చూపు యేసుమణి మొహం మీద ఉంది. చెయ్యి మాత్రం కదిలింది. ఇందాక వెనక్కి పోయిన కవరు, చప్పుడు లేకుండా బల్ల మీద జరుగుతూ వచ్చి, యేసుమణి వేళ్లకు తగిలి ఆగింది.